పచ్చబడిన చేతులు, పేడ కుప్పలు, నేలలోని సూక్ష్మజీవులు

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లోని మందుగుండు కర్మాగారాల నుండి ఇళ్లకు వెళ్లే యువతులను చూసి జనం 'కెనరీలు' అనేవారు. కెనరీ పసుపుపచ్చని పిట్ట. ఫిరంగి గుండ్లలో టీఎన్‌టీ నింపే ఆ స్త్రీల చేతులు, ముఖాలు పచ్చబడేవి, ముంగురులు రాగిరంగుకు తిరిగేవి. ఇందులో వింత లేదు. 1863లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూలియస్ విల్‌బ్రాండ్ ఆ పదార్థాన్ని తయారుచేసినప్పుడు అది పసుపు రంగు అద్దకానికే పనికివచ్చింది. దాని పేలుడు శక్తి చాలాకాలం తరువాత గాని తెలియలేదు.

కామెర్లను చర్మం చూసి కాదు, కంటి తెల్లగుడ్డు చూసి నిర్ణయించాలన్నది మా విద్యార్థి దశలో నేర్పిన తొలి పాఠాలలో ఒకటి. ఆ కార్మికులలో కొందరికి కళ్లు కూడా పచ్చబడ్డాయి. అది అంటుకున్న రంగు కాదు, కాలేయం నశిస్తున్నదనడానికి గుర్తు. 1916లో బ్రిటన్ ప్రభుత్వం ఈ విషజన్య కామెర్లను తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. అదే ఏడాది ఆగ్నెస్ లివింగ్‌స్టన్-లెర్మంత్, బార్బరా కన్నింగ్‌హామ్ అనే ఇద్దరు మహిళా వైద్యులు ఈ కార్మికులలో కనిపించిన లక్షణాలను 'లాన్సెట్' పత్రికలో వివరించారు. యుద్ధం ముగిసేలోగా వందమందికి పైగా మరణించారు.

శరీరంలో జరిగినదేమిటి? టీఎన్‌టీ అణువులో ఒక బెంజీన్ వలయానికి మూడు నైట్రో సమూహాలు అతుక్కుని ఉంటాయి. అవి వలయంలోని ఎలక్ట్రాన్లను తమవైపు లాగివేస్తాయి. అందువల్ల బెంజీన్ వంటి పదార్థాలను ఆక్సిజన్‌తో ఛేదించే ఎంజైములకు ఇక్కడ పట్టు దొరకదు. మిగిలిన మార్గం ఆ నైట్రో సమూహాలకే ఎలక్ట్రాన్లను ఇచ్చి, మెట్టుమెట్టుగా అమైనో సమూహాలుగా మార్చడం. మన కాలేయం ఆ పనే చేస్తుంది. నడిమి మెట్టులో పుట్టే చురుకైన పదార్థాలు మన ప్రొటీన్లకు అంటుకుని హాని చేస్తాయి.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. నేలలోని బాక్టీరియా చేసేదీ సరిగ్గా ఇదే మార్పు. మరి అది అక్కడ చికిత్స ఎలా అయింది?

అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో ఉమటిల్లా అనే ఆయుధాగారం ఉండేది. 1950, 60 దశకాల్లో పాత బాంబులను వేడినీటితో కడిగి, ఆ నీటిని అడుగున ఏ పూతా లేని రెండు మడుగుల్లోకి వదిలారు. మొత్తం సుమారు 8.5 కోట్ల గాలన్లు. 1990లలో ఆ మట్టిని తవ్వితీసి, పశువుల పేడ, రంపపు పొట్టు, బంగాళాదుంపల వ్యర్థం, పశుగ్రాసం కలిపి పొడవైన కుప్పలుగా పోసి తిరగవేశారు. మన రైతులకు పెంటపోగు కొత్తేమీ కాదు. కుప్పలోని సూక్ష్మజీవులు వేడి పుట్టించి, టీఎన్‌టీని కొద్ది వారాల్లో మార్చివేశాయి. మారిన పదార్థం అక్కడి సేంద్రియ పదార్థానికి గట్టిగా అతుక్కుపోయింది. కాలేయంలో మన ప్రొటీన్లకు అంటుకున్న చురుకుదనమే ఇక్కడ పేడమట్టికి అంటుకున్నది. కనుక దీనిని విషం మాయమవడం అనకూడదు, బందీ అవడం అనాలి. నా దృష్టిలో ఈ తేడా చిన్నది కాదు.

ఆర్‌డీఎక్స్ అలా బందీ కాదు. మట్టిని పట్టుకోక, నీటితోపాటు బావుల దాకా సాగుతుంది. ఒంట్లోకి ఎక్కువగా చేరితే మూర్ఛలు తెప్పిస్తుంది. దానిని నిజంగా విరగ్గొట్టవలసిందే. పేలుడు పదార్థాలతో కలుషితమైన నేలలో దొరికిన రోడోకాకస్ అనే బాక్టీరియాకు ఆ నేర్పు ఉందని, అందుకు కారణమైన జన్యువుతో సహా నీల్ బ్రూస్ బృందం 2002లో వెల్లడించింది. దాని ఎంజైము సైటోక్రోమ్ పి450 కుటుంబానికి చెందినది. మనం మింగే మాత్రలను కాలేయంలో మార్చే ఎంజైములదీ ఆ కుటుంబమే. అది నైట్రో సమూహాన్ని ఊడదీయగానే వలయం తనంతట తాను కూలిపోతుంది. విడుదలైన నత్రజని బాక్టీరియాకు ఆహారం. రెండో ప్రపంచ యుద్ధంలో గాని పెద్దఎత్తున తయారుకాని ఈ పదార్థానికి విరుగుడైన జన్యువు తరువాత వేర్వేరు ఖండాల నేలల్లో దాదాపు ఒకే రూపంలో కనబడింది.

ఉమటిల్లా భూగర్భజలాన్ని ఏళ్ల తరబడి పైకి తోడి బొగ్గుతో వడకట్టారు. తరువాతి ప్రయోగాల్లో నేలలోపలికే ఫ్రక్టోజ్ పానకం పంపి అక్కడి బాక్టీరియాను పోషించారు. ఈ జన్యువున్న బాక్టీరియాను బయట పెంచి నీటిపొరలోకి ఎక్కించి కూడా చూశారు.