రికన్సిలియేషన్

బ్యాంకు స్టేట్‌మెంటునూ మన పద్దులనూ పక్కపక్కన పెట్టి తేడాలు సరిచూడటాన్ని అకౌంటెంట్లు రికన్సిలియేషన్ అంటారు. మాట పుట్టుక లాటిన్‌లో. విడిపోయినవాళ్లను మళ్లీ కలపడమని అర్థం. అమెరికా 1974 బడ్జెట్ చట్టం దీన్ని పద్దుల అర్థంలోనే తీసుకుంది: పన్నులనూ ఖర్చులనూ బడ్జెట్ తీర్మానానికి సరిపెట్టడం. సెనేట్‌లో మామూలు బిల్లుపై చర్చ ముగించాలంటే 60 ఓట్లు కావాలి. రికన్సిలియేషన్ బిల్లుకు సాధారణ మెజారిటీ చాలు.

అందుకే ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టం రద్దుకు రిపబ్లికన్లు ఈ దారి పట్టారు. 2016 జనవరిలో అలా గట్టెక్కిన బిల్లును అప్పటి అధ్యక్షుడు ఒబామా వీటో చేశారు. మళ్లీ తెచ్చిన రద్దు బిల్లుపై 2017 జులై 28న, అర్ధరాత్రి దాటాక ఓటింగ్ జరిగినప్పుడు, రిపబ్లికన్ల సొంత పార్టీ సెనేటర్ జాన్ మెకెయిన్ సభ ముందుకొచ్చి చెయ్యి చాపి బొటనవేలు కిందికి దించారు. 49-51తో బిల్లు వీగిపోయింది. ఆ ఏడాది చివర్లో ఇదే పద్ధతిలో వచ్చిన పన్నుల చట్టం మాత్రం బీమా తీసుకోనివారికి ఒబామాకేర్ విధించిన జరిమానాను సున్నా చేసింది.

2010లో ఆ ఆరోగ్య చట్టానికి మార్పులు చేయడానికి డెమోక్రాట్లూ ఈ పద్ధతినే వాడారు. ఎవరు వాడినా, కోట్లమంది వైద్యాన్ని తేల్చే నిర్ణయం పద్దుల సర్దుబాటు దారిలో నడవకూడదు. దానికి పూర్తి చర్చ జరగాలి.