గండి

కొల్లేటి లంకల్లో వాన రాత్రి గట్టు కాపలా కాసేవాళ్లు టార్చిలైటు నీళ్లమీద వెయ్యరు. గట్టుకు అవతలి పక్క, అడుగున వేస్తారు. ఊట కనబడితే వంగి దోసిట పట్టి చూస్తారు. తేటగా ఉంటే గట్టు చెమరుస్తోందంతే. బురదగా వచ్చిందంటే లోపల మట్టి కదిలిపోతోందన్నమాట. ఏ ఎండ్రకాయ బొరియో, పందికొక్కు కన్నమో పెద్దదై బుంగ పడింది. ఊట బుంగ కావడానికి రాత్రంతా పట్టొచ్చు. బుంగ గండి కావడానికి ఇసుక బస్తా భుజానికెత్తుకున్నంత సేపు చాలు.

గండి అచ్చతెలుగు మాట. సందు, కన్నం అనే అర్థంలో కన్నడంలో కండి, గండి రెండూ ఉన్నాయి. మనకు కట్ట తెగిన చోటూ గండే, ఏరు కొండను చీల్చుకుని పోయే చోటూ గండే. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన చోట గండికోట వెలిసింది. పాపఘ్ని కొండల్లోంచి బయటపడే చోట గండి క్షేత్రం ఉంది. గోదావరి పాపికొండల దగ్గర గండి పోచమ్మ కొలువై ఉంది. రాయలసీమవాళ్లకు ఈ మాట వింటే కొండ గుర్తుకు రావచ్చు. ఏలూరువాళ్లకు గుర్తొచ్చేది తమ్మిలేరు, తాడేపల్లిగూడెంవాళ్లకు ఎర్రకాలువ. గండం వేరే మాట, జాతకాల్లో వినేది. వాయుగుండంలోని గుండం ఇంకొకటి. మా వైపు దాన్ని వాయుగండం అనేవాళ్లున్నారు. తప్పే గానీ, కోతకొచ్చిన వరి నీళ్లలో నానుతుంటే చూశాక దిద్దబుద్ధి కాదు.

వరద, ఉప్పెన నీళ్ల పేర్లు. గండి నీళ్ల పేరు కాదు. నీళ్లను ఆపాల్సిన కట్ట ఎక్కడ ఓడిపోయిందో ఆ చోటి పేరు. అందుకే ఈ మాటంటే నాకంత గౌరవం.

దానితో వచ్చే క్రియలు చూడండి. గండి పడింది అంటే దానంతటదే తెగింది. గండి కొట్టారు అంటే ఎవరో పార పట్టుకొచ్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని, సరస్సుకు హద్దుగా పెట్టిన అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లకు ప్రభుత్వమే గండ్లు కొట్టించింది. 2024 సెప్టెంబరులో బుడమేరుకు పడిన మూడు గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా రావలసి వచ్చింది. విజయవాడను ముంచిన ఆ వరద కిందికి దిగి కొల్లేరు చేరింది. అక్కణ్ణుంచి సముద్రానికి దారి ఉప్పుటేరే కాబట్టి లంకల చుట్టూ రోజుల తరబడి నిలిచింది. ఏ కట్టనైనా ఏళ్లపాటు పట్టించుకోకుండా వదిలేసినా, తెగిన రోజున మన వ్యాకరణం "పడింది" అనే చెబుతుంది. నాకు బాధ అక్కడే.

మంచుకొండల విషయంలోనూ ఈ క్రియ దగ్గరే ఆగిపోయాను. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, 19,000 అడుగులకు పైన, పదిమంది జవాన్లు మంచు కింద కూరుకుపోయారు. వాళ్లలో మన కర్నూలు జిల్లా జవాను ఒకరు. పత్రికల్లో అవలాంచ్‌ని హిమపాతం అంటుంటారు. మంచు మామూలుగా కురిసినా అదే మాట. మంచుచరియలు అన్నది కొంత మెరుగు. సియాచిన్‌లో ఆ రోజు కూలింది పెద్ద మంచుగోడ. శీతకాలం మంచుతుపాన్లలో స్కీయింగుకో ట్రెక్కింగుకో కొండలెక్కేవాళ్లను ఎక్కువగా మింగేది వేరే రకం.

తుపానులో పాత మంచుమీద కొత్త మంచు పలకలా పేరుకుంటుంది. మధ్యలో పంచదార పలుకుల్లాంటి వదులు పొర ఒకటి ఉండిపోతుంది. పైకి ఏమీ తెలీదు. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద ఒక్కోసారి ఒక మనిషి బరువు చాలు. అడుగున గాలి దిగిపోయినట్టు చప్పుడవుతుంది, కాళ్ల దగ్గర్నుంచి బీటలు పరుగెడతాయి, పలక మొత్తం జారిపోతుంది. సరదాకి వెళ్లి ఇలా పోయినవాళ్లలో ఎక్కువమంది విషయంలో ఆ బరువు వాళ్లదే, లేదా పక్కనున్న స్నేహితుడిది. గండి పడలేదు, తెలియక వాళ్లే కొట్టారు.

నేనైతే దీన్ని మంచుగండి అంటాను. జారిపోయాక పైన మిగిలేది చూస్తే ఎవరికైనా అలాగే తోస్తుంది. తెగిన చోట మంచు నిట్టనిలువుగా, పారతో చెక్కిన గట్టులా నిలబడి ఉంటుంది. పొరలన్నీ బయటికి కనిపిస్తాయి. కొండల సంగతి తెలిసినవాళ్లు ఆ పొరల్ని ముందే చూస్తారు. వాలు ఎక్కకముందే మంచులో గొయ్యి తవ్వి, లోపలి గోడను పైనుంచి కిందికి వేళ్లతో నొక్కుకుంటూ వస్తారు. ఒకచోట వేలు మెత్తగా లోపలికి దిగుతుంది.