మల్లుదొర వేషం ఎవరికి?

అల్లూరి సీతారామరాజు అనగానే 1974 నాటి చిత్రంలోని కృష్ణ కళ్లముందు నిలుస్తాడు. రూథర్‌ఫర్డ్ అంటే జగ్గయ్య. మరి గాం మల్లుదొర అంటే? నాకైతే ఏ ముఖమూ స్ఫురించదు.

రంప పితూరీ రాజుగారి రాకతోనే పుట్టినది కాదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుతగిలింది. ఏజెన్సీలో రోడ్ల పనికి మన్యంవాసులను తోలుకుపోయి, న్యాయమైన కూలి ఇవ్వక పీడించారు. మైదానం నుండి వచ్చిన క్షత్రియ యువకుడు ఆ ఆగ్రహానికి నాయకత్వం వహించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడితో పోరు మొదలైంది. గాం గంటందొర, మల్లుదొర సోదరులు ఆయనకు కుడి ఎడమ భుజాలు.

1924 మే 7న రాజును కాల్చి చంపారు. పోరులో గంటందొరా నేలకొరిగాడు. మల్లుదొరకు పడిన ఉరిశిక్ష యావజ్జీవంగా మారగా, అండమాను జైలు చూశాడు. బ్రతికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. తెరపై రూథర్‌ఫర్డ్‌గా నటించిన జగ్గయ్య కూడా 1967లో ఒంగోలు నుండి అదే సభకు వెళ్లినవాడే! ఆ నటుని మనం మరువలేదు. మన్యం సభ్యుణ్ణి ఎందరు ఎరుగుదురు?

తారాబలం లేనిదే ఇంతటి చిత్రానికి పెట్టుబడి రాదన్నది నిజమే. రాజు పాత్రకు తారనే తీసుకోండి. కానీ మల్లుదొర వేషాన్ని గుంపులో నిలిచే వేషంగా వ్రాయకండి. ఆ పాత్రకు మన్యం బిడ్డనే వెదకండి. అడవి పోయింది అతని వాళ్లదే కదా!