పగ్గములు ఎవరి చేతిలో?

పరీక్షా ఫలితములు వెలువడిన దినమున ఉన్నత పాఠశాల ఆవరణలో విద్యార్థుల మాటలు వినినచో రెండు విధములైన సమాధానములు వినవచ్చును. గణితములో తప్పిన ఒక బాలుడు, "లెక్కలు దినదినము చేయలేదు, అందుకే తప్పినాను" అనును. అన్నియే మార్కులు వచ్చిన మరియొకడు, "నా నొసట అట్లు వ్రాసి యున్నది, ఏమి చేసిన నేమి?" అనును. ఇద్దరి మార్కులు ఒక్కటే. మరుసటి పరీక్షకు వారిద్దరును ఒక్క తీరుననే సిద్ధమగుదురా?

ఈ భేదమును పెద్దలు దైవము, పురుషకారము అను రెండు మాటలతో చెప్పుచు వచ్చిరి. తన జీవితములో జరుగు విషయములపై తనకు కొంత అధికారము కలదను నమ్మకమును "స్వాధీన భావము" అనవచ్చును. ఇది వేదాంత చర్చకు మాత్రమే చెందినది కాదనియు, ప్రయోగములచే పరీక్షింపదగినదనియు ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధములో తేలినది. ఆ చరిత్రలో మొదట ప్రసిద్ధికెక్కినది ఒక పొరపాటు.

అధికారి కోతులు

1958లో అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థకు చెందిన జోసెఫ్ బ్రేడీ, ఆయన సహచరులు నాలుగు జతల కోతులపై జరిపిన ప్రయోగమును ప్రకటించిరి. ప్రతి జతలోని రెండు కోతులను ప్రక్కప్రక్కనే కుర్చీలలో బంధించి కూర్చుండబెట్టిరి. మొదటి కోతి 20 సెకండ్ల కొకసారియైనను ఒక మీటను నొక్కుచుండిన విద్యుద్ఘాతము తప్పును. మరచినచో ఆ ఘాతము రెండు కోతులకును తగులును. రెండవ కోతికిని మీట కలదు గాని, దానిని నొక్కిన ఫలితము లేదు. 6 గంటలు ఈ పని, 6 గంటలు విశ్రాంతి. మీట పనిచేయు కోతిని "అధికారి కోతి" అనిరి. మొదటి జతలోని అధికారి కోతి 23 దినములకు మరణించెను. కోసి చూడగా దాని చిన్నప్రేవు మొదటి భాగమున పుండు కనిపించెను. తక్కిన అధికారి కోతులకును జీర్ణకోశములో పుండ్లు ఏర్పడెను. వాటి జోడీలు మాత్రము ఆరోగ్యముగా నుండెను.

బాధ్యత మోయువానికే రోగమను భావన దీనితో బాగుగా వ్యాపించెను. కాని ఈ ప్రయోగములో ఒక లోపము దాగి యుండెను. ఏ కోతికి పనిచేయు మీట నీయవలెనో నిర్ణయించుటకు చీట్లు వేయలేదు. ముందుగా పరీక్షించి, మీటను ఎక్కువ చురుకుగా నొక్కిన కోతినే అధికారిగా ఎన్నుకొనిరి. ఇక పుండు బాధ్యతవలన వచ్చెనో, ఆ కోతి స్వభావమువలన వచ్చెనో తేల్చుట ఎట్లు?

న్యూయార్కులోని రాకఫెల్లర్ విశ్వవిద్యాలయములో జే వైస్ ఎలుకలతో ఈ ప్రశ్నను మరల పరిశీలించెను. ఏ ఎలుక ఏ విభాగమునకు పోవలెనో చీట్లు వేసినట్లు ఏర్పరచెను. 1971లో ప్రకటించిన ప్రయోగములలో మూడేసి ఎలుకలను తీసికొనెను. మొదటిది ఒక చక్రమును త్రిప్పి విద్యుద్ఘాతమును తప్పించుకొనగలదు. రెండవదానికి సరిగా అన్నియే ఘాతములు తగులును గాని, దాని చక్రము పనిచేయదు. మూడవదానికి ఘాతమే లేదు. ఫలితము బ్రేడీ చూచినదానికి తలక్రిందుగా వచ్చెను. ఏమియు చేయజాలని ఎలుకకే కడుపులో పుండ్లు హెచ్చుగా ఏర్పడెను. తగిలిన ఘాతములు సమానమే యైనను, చక్రము చేతిలో నున్న ఎలుక చాలవరకు తప్పించుకొనెను.

మనుష్యుల జీర్ణకోశపు పుండ్ల విషయమై ఇచట ఒక మాట చెప్పవలసి యున్నది. వానిలో అధిక భాగమునకు ఒక సూక్ష్మజీవి కారణమని 1982లో ఆస్ట్రేలియాకు చెందిన రాబిన్ వారెన్, బారీ మార్షల్ కనుగొనిరి. కనుక చింతయే పుండునకు కారణమని ఈ ప్రయోగములనుండి తీర్మానింపరాదు. శరీరముపై కష్టము చూపు ప్రభావము, దానిని ఆపు శక్తి తనకుండుటనుబట్టి మారుననునదే వాటి సారాంశము.

కదలని కుక్కలు

1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అను యువ పరిశోధకులు ఇట్టి మూడు విభాగముల పద్ధతినే కుక్కలపై ప్రయోగించిరి. ఒక విభాగపు కుక్కలు తలతో ఒక పలకను నొక్కి ఘాతమును ఆపగలవు. రెండవ విభాగపు కుక్కలు ఏమి చేసినను అది ఆగదు. మూడవ విభాగమునకు ఆ దశలో ఘాతములు లేవు. అటుపిమ్మట అన్నింటిని ఒక పెట్టెలో ఉంచిరి. మధ్యనున్న పొట్టి గోడను దాటిన చాలును, బాధ ఉండదు. మొదటి, మూడవ విభాగముల కుక్కలు త్వరలోనే దాటుట నేర్చినవి. రెండవ విభాగములో చాల భాగము గోడవైపు పోకుండ ఉన్నచోటనే పడియుండి బాధను సహించినవి. ఏమి చేసినను లాభము లేదని అవి నేర్చుకొన్నవని పరిశోధకులు తలచి, ఈ స్థితికి "నేర్చిన నిస్సహాయత" అని పేరు పెట్టిరి. జంతువులను ఇంతగా బాధించు ప్రయోగములపై ఆ తరువాతి కాలమున నియమములు కఠినమైనవి.

మనుష్యులలో

ఇదే కాలమున జూలియన్ రాటర్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1966లో 29 ప్రశ్నల కొలమానమును ప్రకటించెను. ప్రతి ప్రశ్నలోను రెండు వాక్యములు ఉండును. ఫలితమునకు మూలము తానేయని కొందరు, అదృష్టమో ఇతరులో అని మరికొందరు ఎన్నుకొందురు. ఆ సంవత్సరమే జేమ్స్ కోల్మన్ నాయకత్వమున అమెరికా పాఠశాలలపై వెలువడిన గొప్ప నివేదిక 6 లక్షలకు పైగా విద్యార్థులను పరిశీలించెను. నీగ్రోలు మొదలగు అల్పసంఖ్యాక వర్గముల పిల్లలలో, తమ భవిష్యత్తు కొంతైన తమ చేతిలో నున్నదను నమ్మకమునకు చదువుతో గల సంబంధము, పాఠశాలల సౌకర్యములకు గల సంబంధముకంటె బలముగా కనిపించెను. అయితే నమ్మకము వలన చదువు వచ్చెనో, చదువు వచ్చుటవలన నమ్మకము కలిగెనో ఇట్టి పరిశీలన మాత్రముచే తేలదు.

దానికి ప్రయోగమే కావలెను. 1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ కనెక్టికట్ రాష్ట్రములోని ఒక వృద్ధాశ్రమమున 91 మంది వృద్ధులతో దానిని జరిపిరి. ఒక అంతస్తులోని 47 మందికి, "మీ గది ఏర్పాటు, మీ దినచర్య మీ ఇష్టము" అని చెప్పిరి. ఒక చిన్న మొక్కను ఎన్నుకొని తామే పెంచవలెననిరి. సినిమా ఏ దినమున చూడవలెనో వారే నిర్ణయించుకొనిరి. వేరొక అంతస్తులోని 44 మందికిని మొక్కలు ఇచ్చిరి, సినిమాయు చూపిరి. కాని మొక్కకు నీరు పోయువారు నర్సులు, సినిమా దినమును నిర్ణయించువారు సిబ్బంది. మూడు వారముల తరువాత మొదటి అంతస్తువారిలో నూటికి 93 మంది మెరుగుపడినట్లును, రెండవ అంతస్తువారిలో నూటికి 71 మంది మరింత క్షీణించినట్లును అంచనా వేసిరి. 18 నెలలలో మొదటివారిలో 7 గురు, రెండవవారిలో 13 గురు మరణించిరి. ఈ మరణముల లెక్కలో దొరలిన ఒక పొరపాటును పరిశోధకులే తరువాత సవరించిరి. సంఖ్యలు చిన్నవి గనుక ఆ విషయమై గట్టిగా చెప్ప వీలులేదు.

రిచర్డ్ షుల్జ్ పరిశోధన ఇంకొక హెచ్చరిక చేసెను. కళాశాల విద్యార్థులు వృద్ధులను చూచుటకు వచ్చుచుండిరి. వారు వచ్చు సమయమును తామే నిర్ణయించిన వృద్ధులును, ముందుగా తెలిసికొన్న వృద్ధులును మెరుగుపడిరి. ప్రయోగము ముగిసి ఆ రాకపోకలు ఆగినపిమ్మట వారే అందరికంటె ఎక్కువగా క్రుంగిరి. ఇచ్చిన పగ్గములను మరల లాగికొనుట మొదటినుండి ఇవ్వకుండుటకంటె కఠినము కావచ్చును.

అధికారి కోతుల కథకు తుది సమాధానము లండను నుండి వచ్చెను. 1985లో ప్రారంభమైన రెండవ వైట్‌హాల్ పరిశీలనలో 10,308 మంది ప్రభుత్వోద్యోగులను అనేక సంవత్సరములు గమనించిరి. పై అధికారులకంటె క్రింది శ్రేణి ఉద్యోగులకే గుండెజబ్బు హెచ్చుగా వచ్చెను. ఆ భేదములో పెద్ద భాగము తమ పనిపై తమకు స్వాతంత్ర్యము తక్కువగుటతో ముడిపడి యున్నదని 1997లో మైకేల్ మార్మట్, ఆయన సహచరులు చూపిరి.

తలక్రిందైన సిద్ధాంతము

కుక్కల ప్రయోగము జరిగిన దాదాపు ఏబది సంవత్సరములకు, 2016లో, మేయర్, సెలిగ్మన్ తమ సిద్ధాంతమును తామే సవరించిరి. ఎడతెగని బాధకు లొంగిపోవుట జంతువు నేర్చుకొన్నది కాదు. అది మెదడు క్రిందిభాగమున పుట్టుకతోనే యున్న ప్రతిచర్య. "నేను చేయగలను" అనునదే నేర్చుకొనబడునది. చేసిన పనికి ఫలితము కనబడినప్పుడు మెదడు ముందుభాగము దానిని గుర్తించి, ఆ లొంగుబాటును అణచివేయును. ఈ విషయము ముఖ్యముగా ఎలుకల మెదడులపై జరిగిన పరిశోధనలవలన తెలిసినది.

ఇది ఉపాధ్యాయునికి మిక్కిలి విలువైన మాట. "ఏమి చేసిన నేమి?" అను బాలుడు చెడిపోయినవాడు కాడు. తన చేతికి, ఫలితమునకు గల సంబంధమును తగినన్నిసార్లు కన్నులార చూడనివాడు కావచ్చును. వానికి ఉపన్యాసముకంటె వాడు చేయగల లెక్క మేలు. చేసిన వెంటనే తప్పొప్పులు తెలిసిన మరింత మేలు. పేదరికము, రోగము, కరవు వంటివి బాలుని చేతిలో లేవు. వాటికి వానినే నిందించుట శాస్త్రము కాదు, న్యాయమును కాదు. వృద్ధాశ్రమములో రెండు అంతస్తులకును మొక్కలు చేరినవి. భేదమంతయు నీరు పోయు చేయి ఎవరిదనుటలోనే యున్నది.