దగ్గు లేని క్షయ

మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో 1915లో వెలసిన క్షయ శానిటోరియానికి డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్-మోలర్ తొలి అధిపతి. దగ్గు, జ్వరము ముదిరిన పిదపనే రోగులు అచ్చటికి వచ్చేవారు. మరి, ఆసుపత్రి గడప తొక్కనివారి మాటేమిటి? ఆయన కుమారుడు యోహానెస్ 1950–55 మధ్య ఆ ప్రాంతపు గ్రామాలలో, రోగలక్షణాలతో నిమిత్తము లేకుండా, జనానికి ఎక్స్-రేలు తీయించారు. ఫిల్ములో నీడ కనబడినంత మాత్రాన క్షయ అనరాదు. కఫములో క్రిములు దొరకాలి. అయినా ఆ నీడే లేకపోతే, నిక్షేపంగా దుక్కి దున్నుకొనేవాని కఫమును ఎవరు పరీక్షిస్తారు? పిల్లులలోనూ ఇంతే. జలుబు తగ్గిన పిల్లి హెర్పిస్ వైరస్‌ను లోపల దాచుకొని, శరణాలయము చేరిన కలతలో మరల వెదజల్లుతుంది. 2019–21 జాతీయ క్షయ సర్వేలో బయటపడిన రోగులలో 42.6 శాతం మంది, ఎక్స్-రే తీయకున్నచో, దొరికేవారే కారు.