కరువులో లేచిన గోపురము



కొన్నాళ్ల క్రిందట మన సంఘస్థులము కొందరము బస్సు కట్టించుకొని మెదకు దేవాలయము చూడబోతిమి. గోపురము క్రింద నిలువబడి ఒక పెద్దమ్మ నన్నడిగినది: “అయ్యగారూ, కరువులో ఇంత గుడి కట్టే బదులు జనానికింత బువ్వ పెట్టింటే బాగుండేది గదా?”

అహోబిలము చుట్టుపట్ల పుట్టినవారు అడుగవలసిన ప్రశ్నయే అది. 1876-78 నాటి ధాత కరువు కర్నూలు, కడప జిల్లాలను ఎట్లు ఊడ్చివేసినదో మనము తరతరములుగా విన్నవారమే.

వెస్లియన్ మెథడిస్టు మిషనెరీయైన ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1895లో సికింద్రాబాదుకు వచ్చి, పిమ్మట మెదకులో స్థిరపడిరి. 1914లో దేవాలయపు పని ఆరంభమైనది. మొదటి ప్రపంచ యుద్ధపు రోజులవి; ఆ సీమలో కరువు. దొరగారు ఆకలిగొన్నవారికి పని చూపి, ఆ పనికి తిండి పెట్టిరి. ముసలివారికి, రోగులకు ఊరక పెట్టుటయే ధర్మము. కాని ఒళ్లు వంచగలవాడు రాయి మోసి తిన్నప్పుడు తలయెత్తుకొని ఇంటికి పోవును. పదేండ్లు ఆ పని సాగి, 1924 డిసెంబరు 25న దేవాలయము ప్రతిష్ఠింపబడెను.

కట్టడము గోతిక్ పద్ధతిది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము 175 అడుగులు. అహోబిలపు మండపములలో రాతి దూలములు నిలుచుటకు స్తంభములు దగ్గర దగ్గరగా నుండును. ఇక్కడ మొనదేలిన కమానులు పైబరువును ఇరుప్రక్కల స్తంభములకు దించును. కనుక నడుమ విశాలమైన చోటు మిగిలి, సుమారు ఐదు వేలమంది కూడి ఆరాధించుటకు వీలైనది. రంగుటద్దముల కిటికీలు మూడు: ఆరోహణము 1927లోను, జననము 1947లోను, సిలువ 1958లోను అమర్చిరి. పగటి వెలుగు బయటినుండి పడినప్పుడే లోపలివారికి ఆ బొమ్మలు కనబడును.

1947 సెప్టెంబరు 27న మెథడిస్టువారును ఆంగ్లికను మొదలగువారును ఏకమై దక్షిణ ఇండియా సంఘమైనప్పుడు, ఈ దేవాలయము మెదకు బిషప్పుగారి కెథీడ్రల్ ఆయెను.

ఇదంతయు విని పెద్దమ్మ స్తంభమును చేతితో తడిమి, “అయితే ఇది కూలోళ్లు కట్టుకున్న గుడే” అనినది.

మన పల్లె దేవాలయములకు గోడ పెట్టునప్పుడును, కప్పు వేయునప్పుడును ఆ మాట మరువకుందము. వాన లేని ఏట ఆ పని పెట్టుకొందము. మొదటి కూలి మన బీదలకే దొరకునట్లు చూతము.