ఒలేతా నుంచి వెనక్కి నడిస్తే...

2017 ఫిబ్రవరి 22 రాత్రి అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, ఒలేతా పట్టణంలో ఒక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒక తెల్లవాడు తుపాకి పేల్చాడు. 'నా దేశంలోంచి పొండి' అని అరిచాడట. ముప్ఫై రెండేళ్ళ కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయాడు. అలోక్ మాడసాని గాయపడ్డాడు. అడ్డుకోబోయిన మరో తెల్ల యువకుడు ఇయాన్ గ్రిల్లట్‌కి కూడా తూటా తగిలింది. రెండు రోజుల తర్వాత శ్రీనివాస్ భార్య సునయన పత్రికలవాళ్ళ ముందు కూర్చుని, ఇలాంటి ద్వేషపు హత్యల్ని ఆపడానికి ప్రభుత్వం ఏం చేస్తుందో తనకి చెప్పాలని అడిగింది.

ఆ వారమంతా మన ఇళ్ళల్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. 'అమెరికా ఇలా అయిపోయిందేమిటి?' అని అందరూ ఆశ్చర్యపోయారు. డల్లాస్‌లో ఉన్న మా అక్క కూతురికి ఫోన్ చేసి నేను కూడా అదే మాట అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ 'అయిపోయింది' అన్న మాట దగ్గర ఆగిపోయాను. అంతకుముందు ఎలా ఉండేది? ఎవరికి ఎలా ఉండేది? సునయన అడిగిన ప్రశ్న ఆ నేల మీద మొదటిసారి వినిపించిందా? చరిత్ర చదువుకున్నదాన్ని కనక ఒలేతా గురించి వెతుకుతూ వెనక్కి వెళ్ళాను.

ఒలేతా జాన్సన్ కౌంటీకి ముఖ్య పట్టణం. అదే కౌంటీలోని సౌత్ పార్క్‌లో 1947లో కొత్త బడి కట్టారు. దానికి నల్లవాళ్ళూ పన్ను కట్టారు. కాని వాళ్ళ పిల్లల్ని మాత్రం అందులో చేర్చుకోలేదు. ఎనిమిది తరగతులకీ కలిపి రెండు గదులున్న, లోపల నీటి కొళాయి కూడా లేని వాకర్ బడిలోనే ఉండమన్నారు. విచిత్రమేమిటంటే, చిన్న ఊళ్ళలో ప్రాథమిక పాఠశాలల్ని రంగు ప్రకారం విడగొట్టడానికి కాన్సస్ చట్టం ఒప్పుకోదు. అంటే ఇక్కడ చట్టాన్ని మీరింది స్కూలు బోర్డే.

తన ఇంట్లో పనికి వచ్చే నల్లజాతి స్త్రీ హెలెన్ స్వాన్ ద్వారా ఎస్తర్ బ్రౌన్ అనే యూదు గృహిణికి ఈ సంగతి తెలిసింది. ఆమె ఊరుకోలేదు. బోర్డు సమావేశాలకి వెళ్ళి మాట్లాడింది. డబ్బు పోగు చేసింది. బెదిరింపులు భరించింది. అంతకంటే పెద్ద సాహసం నల్లజాతి తల్లిదండ్రులది. 1948లో వాళ్ళు పిల్లల్ని బడి మానిపించారు. వాకర్ బడి టీచరు కోరింథియన్ నటర్ తన ఉద్యోగం వదులుకుని ఆ పిల్లలకి ఇళ్ళల్లోనే పాఠాలు చెప్పింది. కోర్టులో సాక్ష్యమూ చెప్పింది. 1949లో కాన్సస్ సుప్రీం కోర్టు పిల్లల పక్షాన తీర్పిచ్చింది. ఆ శరదృతువులో పిల్లలు కొత్త బడి మెట్లెక్కారు. వాళ్ళని అంతదాకా తెచ్చిన టీచరుకి మాత్రం ఆ బడిలో ఉద్యోగం దొరకలేదు.

అక్కడికి గంట ప్రయాణంలో ఉన్న రాష్ట్ర రాజధాని టొపీకాలో చట్టమే వేర్పాటుకి అనుమతినిచ్చింది. కనక అక్కడి తల్లిదండ్రులు చట్టాన్నే సవాలు చేయాల్సి వచ్చింది. 1951లో కేసు వేసిన పదమూడు మందిలో పన్నెండు మంది స్త్రీలు. ఉన్న ఒక్క మగవాడు ఆలివర్ బ్రౌన్. కేసు ఆయన పేరు మీదే ఎక్కింది. 1954 మే 17న బడుల్లో వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీం కోర్టు చెప్పిన తీర్పుని ప్రపంచమంతా 'బ్రౌన్ తీర్పు' అనే పిలుస్తుంది. ముందుగా సంతకం పెట్టిన ల్యూసిండా టాడ్ పేరు ఎంతమందికి తెలుసు?

తీర్పు వచ్చినంత మాత్రాన తలుపులు తెరుచుకోలేదు. 1957లో ఆర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో జరిగింది చూస్తే 'ప్రభుత్వం' అనే మాటని ఏకవచనంలో వాడడానికే సంకోచం కలుగుతుంది. తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు సెంట్రల్ హైస్కూల్లో చేరాలి. వాళ్ళని ఆపడానికి గవర్నర్ ఫాబస్ రాష్ట్ర సైనికుల్ని దింపాడు. ఆయన అప్పటిదాకా కరడుగట్టిన జాత్యహంకారిగా పేరున్నవాడు కాదు. ఎదురుగా ఎన్నికలున్నాయి. జనంలోని భయం ఓట్లుగా మారుతుందని ఆయనకి తెలుసు. ఆయన మొత్తం ఆరుసార్లు గవర్నరుగా గెలిచాడు.

సెప్టెంబర్ 4న పిల్లలందరూ కలిసి వెళ్ళాలని ఉద్యమ నాయకురాలు డెయిజీ బేట్స్ ఏర్పాటు చేసింది. పదిహేనేళ్ళ ఎలిజబెత్ ఎక్‌ఫోర్డ్ ఇంట్లో ఫోన్ లేదు. కబురు అందలేదు. తను కుట్టుకున్న కొత్త గౌను వేసుకుని, పుస్తకాలు గుండెకి హత్తుకుని ఒక్కతే వెళ్ళింది. సైనికులు తుపాకులు అడ్డం పెట్టారు. వెనక గుంపు తరిమింది. అప్పుడు తీసిన ఫోటోలో ఆమె వెనక నోరంతా తెరిచి అరుస్తున్నది కూడా ఒక పదిహేనేళ్ళ ఆడపిల్లే. ఆ ఫోటో చూసిన ప్రతిసారీ నా కళ్ళు రెండో పిల్ల మీదికే వెళ్తాయి. ఆ పిల్లకి అంత ద్వేషం ఎవరు నేర్పారు?

అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఇరవై రోజులు తటపటాయించాడు. గుంపు వీధుల్ని స్వాధీనం చేసుకున్నాక, ఆ దృశ్యాలు ప్రపంచమంతటా దేశం పరువు తీశాక, సెప్టెంబర్ 24న వెయ్యి మందికి పైగా కేంద్ర సైనికుల్ని పంపాడు. అడ్డుకున్నవి ప్రభుత్వ తుపాకులే, మర్నాడు పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళినవీ ప్రభుత్వ తుపాకులే. తుపాకులు తరగతి గది బయటే ఆగిపోయాయి. లోపల తోపులాటలూ, ఉమ్మిలూ, తిట్లూ ఏడాది పొడుగునా పిల్లలే భరించారు.

స్త్రీలు సహజంగానే శాంతి పక్షాన ఉంటారన్న మాటని కూడా లిటిల్ రాక్ నిలవనివ్వదు. నల్లపిల్లలు రాకూడదని ఆందోళన చేసిన వాళ్ళలో 'మదర్స్ లీగ్' పేరుతో తెల్లజాతి తల్లులున్నారు. మాతృత్వాన్నే జెండా చేసుకున్నారు. 1958లో గవర్నర్ ఊళ్ళోని హైస్కూళ్ళన్నీ మూసేసినప్పుడు వాటిని తెరిపించడానికి తెల్లజాతి స్త్రీలే అడోల్ఫిన్ టెర్రీ ఇంట్లో కూడి ఒక అత్యవసర కమిటీ పెట్టుకున్నారు. భర్తల ఉద్యోగాలు పోతాయని సభ్యుల పేర్లు రహస్యంగా ఉంచారు. ఇంటింటికీ తిరిగారు. 1959 మేలో స్కూలు బోర్డులోని ముగ్గురు వేర్పాటువాదుల్ని ఓటుతో దింపడంలో వాళ్ళది పెద్ద చెయ్యి. ఆగస్టులో బడులు తెరుచుకున్నాయి. కాని ఆ కమిటీలో నల్లజాతి స్త్రీలకి చోటు లేదు. ప్రకటనలు ఆగిపోయి డెయిజీ బేట్స్ దంపతుల పత్రిక 'ఆర్కాన్సా స్టేట్ ప్రెస్' అదే ఏడాది మూతపడింది. మన స్త్రీల ఉద్యమాల్లో ఎవరిని కలుపుకున్నాం, ఎవరిని గుమ్మం బయట ఉంచాం అని అడుగుతున్న మనకి ఈ కథ కొత్తగా అనిపించదు.

ఇదంతా శ్రీనివాస్ దాకా ఎలా వస్తుంది? 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు 'తెల్లవాళ్ళు' కారు కనక పౌరసత్వానికి అనర్హులని సుప్రీం కోర్టు తేల్చింది. 1946లో చట్టం మార్చి భారతీయులకి ఇచ్చిన వలస కోటా ఏడాదికి వంద మంది. ఆ గోడ పడిపోయింది 1965 అక్టోబర్‌లో. అంతకుముందు ఏడాదే పౌరహక్కుల చట్టం, రెండు నెలల ముందే ఓటు హక్కు చట్టం వచ్చాయి. పుట్టిన దేశాన్ని బట్టి మనుషుల్ని తూచడం సిగ్గుచేటని ఒప్పుకోక తప్పని వాతావరణాన్ని తెచ్చింది నల్లవాళ్ళ పోరాటమే. మన డాక్టర్లూ, ఇంజనీర్లూ ఆ తలుపులోంచే వెళ్ళారు. వెళ్ళాక ఇల్లు వెతుక్కుంటూ 'అది నల్లవాళ్ళ ఏరియా, వద్దు' అని ఒకరికొకరు సలహాలిచ్చుకుంటారు. మా ఇంట్లోనూ ఆ మాట విన్నాను. ఊళ్ళో వాడ ఎటువైపు ఉందో చూసి స్థలం కొన్నవాళ్ళకి ఈ భాష ప్రత్యేకంగా నేర్చుకోవలసిన పని లేదు.

ప్రభుత్వం చెయ్యి వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 1871లో కేంద్రం కఠిన చట్టం చేసి సైన్యాన్ని వాడితే కు క్లక్స్ క్లాన్ చెల్లాచెదురైంది. 1877లో దక్షిణాదిని వదిలేయగానే నల్లవాళ్ళ హక్కులు ఒక్కొక్కటే పోయాయి. మన కాలంలో, 2009లో తెల్ల జాత్యహంకార తీవ్రవాదం పెరుగుతోందని అంతర్గత భద్రతా శాఖ నివేదిక ఇస్తే, రాజకీయ దుమారం రేగగానే దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2013లో సుప్రీం కోర్టు ఓటు హక్కు చట్టంలోని కీలకమైన రక్షణని పనిచేయకుండా చేసింది. 2021 జనవరి 6న పార్లమెంటు భవనం మీద దాడి చేసిన కేసుల్లో దాదాపు పదిహేను వందల మందికి 2025 జనవరి 20న అధ్యక్షుడే క్షమాభిక్ష పెట్టాడు. గుంపు ఎప్పుడూ పైవాళ్ళ ముఖం చూస్తుంది. ఫాబస్ కాలంలోనూ చూసింది.

శ్రీనివాస్‌ని చంపినవాడికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది. కేంద్రం పెట్టిన ద్వేష నేరం కేసుకి ఆధారమైన చట్టం 1968 నాటిది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి దాని మీద సంతకమైంది. సునయన ప్రశ్నకి ప్రభుత్వం ఇచ్చిన జవాబు అదొక్కటే. ఆ జవాబు కూడా వేరేవాళ్ళు నెత్తురు ధారపోసి సంపాదించి పెట్టిందే. చంపినవాణ్ణి శిక్షించగలిగింది, చంపకుండా ఆపలేకపోయింది.

కోరింథియన్ నటర్ గురించి ఒక సంగతి చెప్పకుండా వదిలేశాను. సౌత్ పార్క్‌లో ఉద్యోగం ఇవ్వకపోతే ఆమె పక్క ఊరికి వెళ్ళి అక్కడి బడిలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పింది. ఆ ఊరు ఒలేతా. ఈసారి మా అక్క కూతురు ఇల్లు మారుతూ ఏరియాల సంగతి ఎత్తితే ముందు ఈ టీచరు కథ చెప్పాలనుకుంటున్నాను.